మావాడి ఎత్తు 137 సెంటీమీటర్లు: హైదరాబాదా, భువనేశ్వరా?

వంశధార_ఒడ్డు (నరసన్నపేట)

నమస్కారమండీ. సంక్రాంతి సెలవుల్లో పెద్ద అమ్యూజ్‌మెంట్ పార్కుకి తీసుకెళ్తానని దసరాలో మావాడికి మాటిచ్చేశాను. వాడికి పదకొండేళ్లు. ఇప్పటిదాకా ఎక్కినవల్లా తీర్థాల్లో డ్రాగన్ రైలు, రంగులరాట్నం, ఒకసారి కైలాసగిరి మీద బొమ్మరైలు. ఫోన్లో రోలర్ కోస్టర్ వీడియోలు చూసి చూసి, తలకిందులయ్యేది ఎక్కకపోతే పార్కుకి వెళ్లినట్టే కాదంటున్నాడు.

నాకు రెండు టెన్షన్లు. ఎక్కడికి వెళ్లాలన్నది మొదటిది. హైదరాబాద్ వండర్‌లా, భువనేశ్వర్ వండర్‌లా రెండూ చూస్తున్నాను. మా ఆవిడ రామోజీ ఫిల్మ్ సిటీ అంటోంది. రెండోది ఎత్తు. పెద్ద రైడ్లకి 140 సెంటీమీటర్లు ఉండాలని విన్నాను. మా వంటింటి గుమ్మానికి వాడి ఎత్తు పెన్సిల్ గీతలు ఉంటాయి, మొన్న ఆదివారం గీసింది 137 దగ్గర ఆగింది. అంత దూరం వెళ్లాక మూడు సెంటీమీటర్ల కోసం గేటు దగ్గర ఆపేస్తే వాడు తట్టుకోలేడు.

వెళ్లేది నలుగురం. నేను, మా ఆవిడ, వాడు, మా అత్తయ్య. అత్తయ్యకి బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులు కూడా. అలాగని ఆవిణ్ణి పండగ పూట ఒంటరిగా వదిలి వెళ్లలేం. నాకు దొరికేది కనుమ తర్వాత మూడు రోజులు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

జీడితోట (పలాస)

తమ్ముడూ, మేం పోయిన ఏడాది భువనేశ్వర్ వెళ్లాం. మీకు ఆమదాలవలసలో రైలెక్కితే అయిదు గంటల ప్రయాణం, మాకు ఇంకో గంట తక్కువ. రాత్రి అక్కడ లాడ్జిలో పడుకుని పొద్దున్నే పార్కుకి బయల్దేరాం.

బట్టల సంగతి ముందే చూసుకోండి. నీళ్ల రైడ్లలోకి కాటన్ బట్టలతో దిగనివ్వరు. నైలాన్‌వే ఉండాలి. ఇక్కడే ముందుగా కొనుక్కుంటే సరిపోతుంది, అక్కడికెళ్లాక కౌంటర్ దగ్గర వెతుక్కోనక్కర్లేదు. బయటి తిండి లోపలికి తీసుకెళ్లనివ్వరు కాబట్టి అరిసెలూ జంతికలూ రైల్లోనే కానివ్వండి. జనవరిలో పొద్దున్న నీళ్లు చల్లగా ఉంటాయి. పొడి రైడ్లు ముందు ఎక్కించి, ఎండ బాగా వచ్చాక పన్నెండు దాటిన తర్వాత నీళ్లలోకి దింపండి. మా చిన్నది పదిన్నరకే దిగి, పళ్లు టకటకలాడుతూ గంటసేపు తువ్వాలు చుట్టుకుని కూర్చుంది.

ఎత్తు విషయం నాకు అంతగా తెలియదు. దానికి గంటస్తంభం గారే చెప్పాలి, ఈ పార్కుల మీద ఆయనకున్న పట్టు ఇక్కడ ఎవరికీ లేదు.

గంటస్తంభం (విజయనగరం)

పిలిచినందుకు సంతోషం జీడితోట అప్పా. వంశధార గారూ, కాస్త పెద్దదే రాస్తాను, తీరిగ్గా చదవండి.

నాది మోటార్ వైండింగ్ షాపు. ఇరవై ఏళ్లుగా బేరింగులు, బుష్‌లు, షాఫ్టుల మధ్యే బతుకు. రైడ్ల పిచ్చి మాత్రం అంతకు ముందు నుంచీ ఉంది. చిన్నప్పుడు పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని కోట దగ్గర నిలబడేవారు. అంత పొడవు చింతమాను, దాని చివర పూజారి గారు, జనం మీదుగా అది అలా పైకి లేచి కదులుతుంటే నాకు ఊపిరి ఆడేది కాదు. అది అమ్మవారి సేవ, దాన్ని ఆటతో పోల్చను. కానీ అంత బరువు ఒక్క ఆధారం మీద ఎలా నిలబడుతుందో చూసి నోరు తెరవడం నాకు ఆ రోజే అలవాటైంది. ఆ సాయంత్రమే ఎగ్జిబిషన్లో మొదటిసారి జెయింట్ వీల్ ఎక్కాను. తర్వాత ఎక్కడికి పనిమీద వెళ్లినా అక్కడ పార్కుందేమో కనుక్కోకుండా తిరిగిరాలేదు. హైదరాబాద్ నాలుగుసార్లు, భువనేశ్వర్ ఒకసారి. 2019లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పూణేలో దిగి, ఖోపోలీ దగ్గర ఇమాజికా పార్కుకి కూడా వెళ్లొచ్చాను.

మీకు నా సలహా, ఈసారి భువనేశ్వర్ వెళ్లండి. దూరం ఒక కారణం. హైదరాబాద్‌కి మీ దగ్గర్నుంచి రైల్లో ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే, భువనేశ్వర్‌కి మూడు వందల పైచిలుకు. మూడు రోజుల్లో అత్తయ్య గారితో హైదరాబాద్ అంటే రెండు రాత్రులు రైల్లోనే గడుస్తాయి. అదీకాక కనుమ మర్నాటి నుంచి హైదరాబాద్ వైపు వెళ్లే బళ్లలో కాలు పెట్టే చోటుండదు, పండక్కి వచ్చినవాళ్లంతా ఒక్కసారే తిరుగుముఖం పడతారు. అన్నిటికంటే పెద్ద సంగతి సెలవులు. సంక్రాంతి మనకీ తెలంగాణకీ వరస సెలవులు. ఒడిశాలో మకర సంక్రాంతి ఒక్క రోజుతో అయిపోతుంది. మీరు వెళ్లే రోజు అక్కడివాళ్లకి మామూలు పనిరోజు. క్యూ పొడుగ్గా ఉంటే ఎంత గొప్ప పార్కైనా గోడలు చూసి రావడమే అవుతుంది. శని, ఆదివారాలు తగలకుండా చూసుకోండి, టికెట్ కూడా పనిరోజుల్లో తక్కువ. క్యూ తప్పించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ జోలికి పోకండి, పనిరోజున దాంతో అవసరం రాదు.

భువనేశ్వర్‌ది 2024లో తెరిచారు. హైదరాబాద్‌ది 2016లోనే వచ్చింది, రైడ్లు కూడా అక్కడే ఎక్కువ. కానీ మొదటిసారి వెళ్లే కుటుంబానికి రైడ్లు తక్కువున్న పార్కే మేలని నా నమ్మకం. అత్తయ్య గారు మధ్యలో ఒక నీడ చూసుకుని కూర్చుంటే, రైడ్ రైడ్‌కీ మధ్య మీరు ఆవిడ దగ్గరకి వచ్చి పోవచ్చు. రామోజీ ఫిల్మ్ సిటీ నాకూ ఇష్టమే. 1996లో మొదలైంది, 1,666 ఎకరాలు, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో అని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. అయితే అది సినిమా చూపించే చోటు, రోజంతా తిరగాలి. కోస్టర్ కోసం కలలు కనే కుర్రాడిని అక్కడికి తీసుకెళ్తే వాడు సెట్టింగులు చూస్తూ కోస్టర్ ఏదని అడుగుతాడు.

ఇక మీవాడు వీడియోల్లో చూసే తలకిందుల కోస్టర్. హైదరాబాద్‌లో దాని పేరు రీకాయిల్. నెదర్లాండ్స్‌లోని వెకోమా కంపెనీ 1984 నుంచి చేస్తున్న బూమరాంగ్ రకం అది. ఈ రకం సుమారు 35 మీటర్ల ఎత్తుంటుంది, వేగం గంటకి 75 కిలోమీటర్లకి అటూ ఇటూ. మామూలు కోస్టర్లలా ముందుకి వెళ్లి చుట్టి రాదు. ముందు మిమ్మల్ని వెనక్కి లాక్కుంటూ ఏటవాలు పట్టా పైకి తీసుకుపోతుంది. ఆ నిమిషం నాకు ప్రాణం. వీపు ఆకాశం వైపు పోతుంటుంది, మొహం కిందకి వాలి ఉంటుంది, మీరు ఇంతకు ముందే ఎక్కిన ప్లాట్‌ఫామ్, అక్కడ విప్పిన చెప్పులు, చేతులూపుతున్న మీవాళ్లు, అన్నీ చిన్నవైపోతూ కనిపిస్తాయి. లాగే శబ్దం ఆగుతుంది. ఒక్క క్షణం ఏ చప్పుడూ ఉండదు. తర్వాత వదిలేస్తుంది. ముందుకి వెళ్తూ మూడుసార్లు తలకిందులు, అవతలి ఏటవాలు ఎక్కి ఆగి, అదే దారిన వెనక్కి వస్తూ మళ్లీ మూడుసార్లు. వెనక్కి వచ్చేటప్పుడు ఏ మలుపు ఎప్పుడొస్తుందో కంటికి తెలియదు, ఒంటికే తెలుస్తుంది.

లూప్ చూసి చాలామంది గుండ్రంగా ఉందనుకుంటారు. కాదు. కింద వెడల్పుగా, పైకి వెళ్లేకొద్దీ ఇరుకుగా నీటిబొట్టులా ఉంటుంది. సాలూరు ఘాట్‌లో బస్సు డ్రైవరు మలుపులో స్టీరింగ్ ఎలా తిప్పుతాడో చూడండి. ఒక్కసారిగా తిప్పడు, కొంచెం కొంచెంగా తిప్పుతూ మలుపు నడిమికి వచ్చేసరికి పూర్తిగా తిప్పుతాడు. అలా తిప్పబట్టే మన మెడ పక్కకి విసిరేసినట్టు ఉండదు. వందేళ్ల కిందటి లూపులు సరి గుండ్రంగా ఉండి మెడలు పట్టేసేవి. 1976లో అమెరికాలో రివల్యూషన్ అనే కోస్టర్‌కి జర్మన్ ఇంజినీరు వెర్నర్ ష్టెంగెల్ ఈ బొట్టు ఆకారం లెక్క కట్టాడు, అక్కడి నుంచే లూపులు హాయిగా ఎక్కగలిగేవయ్యాయి. నేను చేసే పనిలోనూ ఒంపు సరిగ్గా తిరిగితేనే తీగ తెగకుండా ఉంటుంది, అందుకే ఆయనంటే నాకు గౌరవం.

ఇమాజికాలో నైట్రో అనే కోస్టర్ సంగతి వేరు. స్విట్జర్లాండ్ బొలిగర్ అండ్ మాబియార్ వాళ్లది, 2013లో వచ్చింది. సుమారు 40 మీటర్ల ఎత్తు, అయిదుసార్లు తలకిందులు, కాళ్ల కింద నేలపలక ఉండదు. రెండుసార్లు ఎక్కాను, ఒకసారి మొదటి వరసలో, ఒకసారి ఆఖరి వరసలో. రెండూ రెండు వేరే రైడ్లు. మొదటి వరస శిఖరం దాటి వేలాడుతూ, మిగతా పెట్టెలు పైకి వచ్చేదాకా ఆగుతుంది. ఆఖరి వరస శిఖరం చేరేసరికి ముందు పెట్టెలు అప్పటికే దూసుకుపోతుంటాయి, అవి లాగేస్తాయి, సీట్లోంచి పైకి లేచిపోయినట్టుంటుంది. అందుకే ఎవరడిగినా ఒకటే చెప్తాను. ఇరవై రైడ్లు తలా ఒకసారి ఎక్కి లెక్క పూర్తి చేయకండి. నచ్చినదాన్ని రెండుసార్లు, రెండు చోట్ల కూర్చుని ఎక్కండి. జాతరల్లో కొలంబస్ పడవ కూడా అంతే, నడుమ కూర్చుంటే ఉయ్యాల, చివర కూర్చుంటే కడుపులో ఉన్నదంతా గొంతులోకి వస్తుంది.

ఊరికే గిర్రున తిప్పే రైడ్లంటే మాత్రం నాకు పడదు. వాటిలో పనితనం తక్కువ, తల తిరుగుడు ఎక్కువ. పిల్లలు ఎక్కుతామంటే భోజనానికి ముందే కానివ్వండి.

ఇక మీ మూడు సెంటీమీటర్లు. ఆగండి. వాడిని దొంగచాటుగా ఎక్కించే ప్రయత్నం చేయకండి. ఆ వయసు పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు. వచ్చే దసరాకి వాడు 140 దాటతాడు, అప్పుడు రీకాయిల్‌కి తీసుకెళ్లండి. ఈసారి వాడి ఎత్తుకి తగ్గవి బోలెడు ఉంటాయి. ఈ సంగతి ఇంట్లోనే చెప్పి బయల్దేరండి, గేటు దగ్గర తెలిస్తే నిజంగానే తట్టుకోలేడు.

వేగావతి (బొబ్బిలి)

గంటస్తంభం గారూ, మీరంటే గౌరవమే గానీ మూడు సెంటీమీటర్లకి ఇంత పట్టింపా? మా అక్క కొడుక్కి కాస్త మందం మడమ బూట్లు వేయించి ఎక్కించాం, ఏం కాలేదు. పిల్లాడికి ధైర్యం ఉంటే చాలు. అంత దూరం వెళ్లి దిగులుగా రావడం కంటే అదే నయం కదా.

గంటస్తంభం (విజయనగరం)

వేగావతి గారూ, మీ అక్క కొడుక్కి ఏమీ కానందుకు నాకూ సంతోషమే. కానీ ఈ మాట దగ్గర నేను మెత్తబడలేను.

ఎత్తు గీత ధైర్యాన్ని కొలవడానికి పెట్టింది కాదు. సీటుకీ, భుజాల మీదకి దిగే బార్‌కీ మధ్య ఒళ్లు ఎక్కడ ఆనాలో దాన్ని బట్టి పెట్టింది. బార్ భుజం మీదా ఒడిలోనూ సరిగ్గా ఆనాలి. పొట్టి పిల్లాడికి భుజానికీ బార్‌కీ మధ్య ఖాళీ ఉండిపోతుంది. తలకిందులైనప్పుడు ఒళ్లు ఆ ఖాళీలోకి జారుతుంది, తిరిగి నిటారయ్యేటప్పుడు సీట్లో పడుతుంది. మెడ మీద పడే దెబ్బ అదే. బూటు మడమ పాదాన్ని పైకి లేపుతుంది గానీ, భుజాన్ని నడుము నుంచి పైకి లేపదు. కూర్చున్నాక వాడి ఎత్తు అంతే, బూటు వల్ల ఒక్క మిల్లీమీటరు కూడా కలవదు.

నాకు ఈ పట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. 2011లో ఒక తీర్థానికి మా పెద్దమ్మాయిని తీసుకెళ్లాను, అప్పటికి దానికి ఆరేళ్లు. ఎక్కడ, ఎవరిది అన్నది వద్దు. తిరిగే కుర్చీల రైడ్. నేను పక్కన కూర్చున్నాను. ఒడి మీద అడ్డుగా వచ్చే కడ్డీ చివర కొక్కెంలోకి పిన్ను దూరాలి. ఆ పిన్ను లేదు. దాని చోట బైండింగ్ వైరు రెండు చుట్లు చుట్టి మెలితిప్పి ఉంది. మా షాపులో కాయిల్ కట్టే వైరు లాంటిదే, చేత్తో తెంపొచ్చు. వైరు ఒకవైపు మెరుస్తోంది, అంటే కడ్డీ రాసుకుని రాసుకుని అప్పటికే సగం అరిగిపోయింది. రైడ్ నడిపే కుర్రాడు అవతలి చివర టికెట్లు తీసుకుంటున్నాడు, మా వైపు చూడనే లేదు. నేను కేక వేసి పిల్లని దింపేశాను. దిగాక నా చేతులు వణికాయి. అది ఏడ్చింది, డబ్బులు తిరిగి ఇవ్వలేదు, అవేవీ నాకు పట్టలేదు. మా షాపుకి వచ్చే వాళ్ల మోటారుకి కూడా నేను ఎప్పుడూ అలా కట్టలేదు.

ఆ రోజు నుంచీ ఏ పార్కుకి వెళ్లినా ముందు పెద్ద రైడ్ దగ్గర పది నిమిషాలు నిలబడి ఆపరేటర్ చేతులు చూస్తాను. బార్ దించడం అందరూ చేస్తారు. దించాక, ప్రతి సీటు దగ్గరా ఆగి, బార్‌ని రెండు చేతులా పైకి లాగి చూస్తున్నాడా? ఖాళీ సీటు బార్ కూడా దించి లాగి చూస్తున్నాడా? చివరి సీటు అయ్యాక రెండోవాడి వైపు చూసి బొటనవేలు ఎత్తుతున్నాడా? ఆ లాగే చెయ్యే పార్కు. రంగులూ లైట్లూ కాదు. హైదరాబాద్‌లో రీకాయిల్ దగ్గర ఒకమ్మాయి ఇరవై ఎనిమిది సీట్లనీ ఒక్కొక్కటీ లాగి చూసింది. నా ముందున్న ఆయన బార్ ఒక గడి వదులుగా ఉందని మళ్లీ ఎత్తి దించింది. క్యూలో వెనక నుంచి విసుక్కున్నా ఆమె తలెత్తలేదు. నేను దిగేటప్పుడు దండం పెట్టి వచ్చాను.

వంశధార గారూ, మీవాడు కుతూహలం ఉన్న కుర్రాడిలా ఉన్నాడు, కాబట్టి వాడికి పని అప్పగించండి. కోస్టర్ చక్రాలు చూడమనండి. పట్టా మీద దొర్లేవి, పక్క నుంచి ఒరుసుకునేవి, కింద నుంచి పట్టాని పట్టుకునేవి, మూడు రకాలుంటాయి. కింది చక్రాలకి 1919లో అమెరికాలో జాన్ మిల్లర్ పేటెంట్ తీసుకున్నాడు. అంతకు ముందు బండి పట్టా మీద బరువుతోనే ఆగేది, అందుకని పెద్ద గుంతలూ గుట్టలూ పెట్టడానికి భయపడేవాళ్లు. కింది చక్రాలు వచ్చాకే బండి గాల్లోకి లేచినట్టు వెళ్లినా పట్టాని వదలదని ధైర్యం వచ్చింది. మన తీర్థంలో డ్రాగన్ రైలుకి ఎన్ని రకాలున్నాయో, పార్కులో ఎన్నున్నాయో వాడినే లెక్కపెట్టి చెప్పమనండి. ఎక్కలేని రైడ్ దగ్గర కూడా వాడికి అరగంట ఇట్టే గడుస్తుంది.

వేగావతి (బొబ్బిలి)

బార్ సంగతి నాకు ఇలా తెలియదండీ. కూర్చున్నాక బూటు కలవదన్న మాట ఆలోచించలేదు. అక్కతో చెప్తాను.

వంశధార_ఒడ్డు (నరసన్నపేట)

గంటస్తంభం గారూ, మీరు రాసింది రాత్రి వాడికి గట్టిగా చదివి వినిపించాను. వైరు సంగతి దగ్గర మా ఆవిడ ఇక చాలు ఆపమంది. వాడు మాత్రం మళ్లీ చదవమన్నాడు.

భువనేశ్వర్‌కే ఖాయం చేశాం. కనుమ మర్నాడు సాయంత్రం బండికి ఆమదాలవలసలో నాలుగు బెర్తులు దొరికాయి. మంగళవారం పార్కు. ఈసారి తలకిందులది లేదని చెప్పేశాను. మొహం ముడుచుకున్నాడు, అన్నం సగంలో వదిలేసి లేచాడు. పొద్దున్న చూస్తే వంటింటి గుమ్మానికి 140 దగ్గర స్కేలు పెట్టి ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీసి, పక్కన రీకాయిల్ అని రాసుకున్నాడు.

ఒక్క సందేహం మిగిలింది. అత్తయ్య తానూ ఏదో ఒకటి ఎక్కుతానంటోంది. బీపీ మాత్ర వేసుకుంటోంది, మామూలుగా అదుపులోనే ఉంటుంది. ఏం ఎక్కించవచ్చు?

గంటస్తంభం (విజయనగరం)

చాలా సంతోషం. ఒకసారి ఆవిడ డాక్టరుని అడగండి. ప్రతి రైడ్ దగ్గరా ఎవరు ఎక్కకూడదో బోర్డు ఉంటుంది, బీపీ, గుండె, వెన్ను, మెడ అని రాసి ఉంటే దాన్ని దాటకండి. నెమ్మదిగా తిరిగేవి, పిల్లలతో కలిసి కూర్చునేవి ఉంటాయి, వాటిలో మెట్లు తక్కువున్నది చూడండి. మోకాళ్లకి రైడ్ కంటే రైడ్ దాకా ఎక్కే మెట్లే కష్టం. మాత్ర వేళ తప్పనివ్వకండి.

ఆవిడని రంగులరాట్నం గుర్రం మీద కాకుండా, పక్కన బల్లలా ఉండే సీటు మీద కూర్చోబెట్టండి. మా అమ్మని అలాగే కూర్చోబెట్టాను. డెబ్బై ఏళ్ల మనిషి, దిగాక ఇంకోసారి తిప్పమని అడిగింది.

జీడితోట (పలాస)

మీ బండి పలాసలో ఆగేది ఎన్నింటికో రాయి తమ్ముడూ. పిల్లాడి కోసం జీడిపప్పు పాకం చేసి ప్లాట్‌ఫామ్ మీదకి తెస్తాను. ఏ పెట్టెలో ఉన్నారో కూడా చెప్పు.